శరణు: అభయమా, హక్కా?

1

కాందిశీకుడు అనే మాట ఒకప్పుడు మన పత్రికల్లో తరచు కనిపించేది. దేశ విభజన రోజుల్లోనూ, 1971లో తూర్పు బెంగాల్ జనం సరిహద్దు దాటి వచ్చిన రోజుల్లోనూ విలేకరులు ఆ మాటే రాశారు. తర్వాత శరణార్థి అనే మాట స్థిరపడింది. రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. అయినా రెంటికీ చాలా తేడా ఉంది. "కాం దిశం" అంటే "ఏ దిక్కుకు?" అని. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. శరణార్థి అలా కాదు. అతను శరణు కోరేవాడు. కోరాలంటే ఎదట ఒక గడప ఉండాలి, ఆ గడప మీద ఒకడు నిలబడి ఉండాలి. మొదటి మాటలో మనిషి దుస్థితి ఉంది. రెండో మాటలో అర్జీ ఉంది. చట్టం కంటికి ఆనేది రెండోవాడే.

మన పురాణాల్లో శరణు కథలకు లోటు లేదు. పావురం కోసం శిబి చక్రవర్తి తొడ కోసి ఇచ్చాడు. విభీషణుడు వస్తే సుగ్రీవుడు గూఢచారి అని అనుమానించాడు, రాముడు అభయమిచ్చాడు. ఈ కథల్లో మనం మెచ్చుకునేది అభయమిచ్చినవాడిని. పావురానికి బతికే హక్కు ఉందని ఎవరూ అనలేదు. శిబి శిబి కాబట్టి పావురం బతికింది. ఆ చోట మరో రాజు ఉంటే కథ వేరే విధంగా ముగిసేది. అభయం అనేది ఇచ్చేవాడి గుణం. హక్కు అనేది అడిగేవాడి సొత్తు. శరణును మొదటి కోవ నుంచి రెండో కోవలోకి మార్చడానికి ఆధునిక ప్రపంచం చేసిన ప్రయత్నం ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలుచుకున్న విషయం. ఆ ప్రయత్నం ఎక్కువగా జరిగింది యూరప్‌లో. దాన్ని వమ్ము చేసే పనీ అక్కడే జోరుగా సాగుతోంది.

ఈ విషయం మీదికి నా దృష్టి మళ్ళడానికి ఒక కారణం ఉంది. కొంతకాలం కిందట ఒక కళాశాలలో సాహిత్య విద్యార్థుల సభలో మాట్లాడాను. మాటల మధ్యలో, మానవ హక్కుల చట్టమంతా సామ్రాజ్యవాదులు వేసుకున్న ముసుగు అన్నాను. ఏళ్ళ తరబడి అంటున్న మాటే. చప్పట్లు కూడా కొట్టారు. సభ అయ్యాక ఒక అమ్మాయి దగ్గరకు వచ్చి అడిగింది: "సార్, ముసుగు వాళ్ళదే అయితే, దాన్నుంచి తప్పించుకోవడానికి వాళ్ళే ఇన్ని పాట్లు ఎందుకు పడుతున్నారు?" నా దగ్గర జవాబు లేదు. నేను న్యాయవాదిని కాను. వాక్యాలు చదవడం ఒక్కటే నాకు తెలిసిన పని. అందుకని ఆ చట్టాలనూ తీర్పులనూ ఒక కావ్యాన్నో నవలనో చదివినట్టు, ఏ మాట ఎందుకు పడింది, ఏ మాట ఎందుకు పడలేదు అని చూస్తూ చదివాను.

2

1935 జూన్‌లో పారిస్‌లో సంస్కృతి రక్షణ కోసం రచయితల అంతర్జాతీయ మహాసభ జరిగింది. బ్రెహ్ట్, హైన్రిహ్ మాన్, అన్నా జెగెర్స్ అక్కడ ఉన్నారు. ముగ్గురూ హిట్లర్ జర్మనీ వదిలిపెట్టి వచ్చినవాళ్ళే. లండన్‌లో అభ్యుదయ రచయితల ప్రణాళికను చర్చిస్తూ ఉండిన సజ్జాద్ జహీర్ కూడా ఆ సభకు వెళ్ళాడు. మరుసటి ఏడు లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత సంఘం ఏర్పడింది. 1943లో తెనాలిలో తెలుగు రచయితల సంఘం ఏర్పడింది. కనుక ప్రవాస రచయితల చరిత్ర మనకు పరాయిది కాదు. మన సంఘం పుట్టుకలోనే వాళ్ళ నీడ ఉంది.

ఆ సభలో కూర్చున్నవాళ్ళ దారులు మూసుకుపోవడానికి అయిదేళ్ళు పట్టలేదు. 1938 జూలైలో ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై, జర్మనీ, ఆస్ట్రియాల నుంచి వచ్చే యూదులను ఏం చేయాలా అని తొమ్మిది రోజులు చర్చించాయి. దాదాపు ప్రతి ప్రతినిధీ లేచి సానుభూతి ప్రకటించి కూర్చున్నాడు. పెద్ద సంఖ్యలో తీసుకుంటామని ముందుకొచ్చింది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే. అదే సంవత్సరం స్విట్జర్లాండుతో కుదిరిన ఏర్పాటు ప్రకారం జర్మనీ యూదుల పాస్‌పోర్టుల మీద ఎర్రగా "జె" అక్షరం ముద్ర వేయడం మొదలుపెట్టింది. సరిహద్దు కాపలాదారుకు మనిషిని చూడవలసిన పని లేకుండా అక్షరం చూస్తే చాలు.

1939 మేలో సెయింట్ లూయీ అనే ఓడ 937 మంది ప్రయాణికులతో క్యూబా చేరింది. కొద్దిమందిని తప్ప దిగనివ్వలేదు. ఫ్లోరిడా తీరం పక్కగా పోయింది. అమెరికా కూడా రానివ్వలేదు. ఓడ తిరిగి యూరప్‌కే వచ్చింది. బెల్జియం, హాలండ్, ఫ్రాన్సు, బ్రిటన్ తలా కొందరిని తీసుకున్నాయి. తర్వాత నాజీ సేనలు బ్రిటన్ తప్ప తక్కిన మూడు దేశాలనూ ఆక్రమించాయి. ఆ ప్రయాణికుల్లో 254 మంది హత్యాకాండలో చనిపోయారు. ఆ ఓడను తిప్పి పంపడానికి అడ్డొచ్చే ఒడంబడిక ఏదీ ఆ దేశాల మీద లేదు. జరిగినదంతా చట్టబద్ధంగానే జరిగింది.

1940 సెప్టెంబరులో విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ పిరనీస్ పర్వతాలు కాలినడకన దాటి స్పెయిన్‌లోని పోర్ట్‌బూ చేరాడు. అమెరికా వీసా ఉంది. ఫ్రాన్సు వదిలిపోవడానికి కావలసిన అనుమతి పత్రం లేదు. మర్నాడు వెనక్కి పంపుతామని స్పెయిన్ అధికారులు చెప్పారు. ఆ రాత్రి ఆయన మార్ఫిన్ మింగి ప్రాణం తీసుకున్నాడు. ఆయనతో వచ్చినవాళ్ళను తర్వాత ముందుకు పోనిచ్చారు. ఇవాళ సాహిత్య విద్యార్థులు బెన్యమిన్‌ను విమర్శ సిద్ధాంతాల పాఠంలో చదువుతారు. ఆయన చావు వలస విధానం పాఠం కూడా.

3

యుద్ధం అయ్యాక ఈ జ్ఞాపకాలు పచ్చిగా ఉన్నప్పుడే కొత్త చట్టాలు రాశారు. అందువల్ల వాటిలో నిజాయితీ లేదనలేం. కాని రాసినవాళ్ళు ప్రభుత్వాల ప్రతినిధులు. ప్రతి మాట దగ్గరా కాలు అడ్డం పెట్టారు.

1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో "పురుషులందరూ" అని కూడా అర్థం ఇచ్చే ఇంగ్లీషు మాట తీసేసి "మానవులందరూ" అని ఉండేట్టు పట్టుబట్టింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ఒక్క మాట మారితే సగం ప్రపంచం లోపలికి వచ్చింది. పద్నాలుగో అధికరణంలో కూడా ఒక్క మాట మారింది. మారి, తలుపు మూసుకుంది. హింస నుంచి పారిపోయేవాడికి ఇతర దేశాల్లో ఆశ్రయం కోరే హక్కూ, ఇప్పించుకునే హక్కూ ఉంటాయని ముసాయిదాలో ఉండేది. బ్రిటన్ సవరణతో అది "కోరే, అనుభవించే" హక్కు అయింది. పైకి అనుభవించడం అనేది పెద్ద మాటలాగే ఉంటుంది. అసలు అర్థం ఏమిటంటే, విస్తరి వేస్తే తినే హక్కు నీకుంది, వేయాలన్న నియమం మాత్రం మాకు లేదు.

1950 నవంబరు 4న రోమ్‌లో యూరపియన్ మానవ హక్కుల ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. అందులో ఆశ్రయం అనే మాటే లేదు. వలస రాజ్యాలకు దీన్ని వర్తింపజేయాలో వద్దో పాలక దేశం ఇష్టానికి వదిలేశారు. ఫ్రాన్సు 1974 దాకా దీన్ని ధ్రువీకరించలేదు. అంటే అల్జీరియా యుద్ధం జరిగిన కాలమంతా, అక్కడి చెరసాలల్లో చిత్రహింసలు సాగిన కాలమంతా, ఆ ఒడంబడిక ఫ్రాన్సును ముట్టుకోలేదు.

1951 జూలై 28న జెనీవాలో శరణార్థుల ఒడంబడిక తయారైంది. జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం కారణంగా హింస తప్పదనే సహేతుకమైన భయంతో దేశం వదిలినవాడు శరణార్థి అని నిర్వచించారు. అయితే ఆ భయానికి కారణమైన సంఘటనలు 1951 జనవరి 1కి ముందువి అయి ఉండాలన్నారు. "యూరప్‌లో జరిగిన సంఘటనలు" అని మాత్రమే అర్థం చెప్పుకునే వెసులుబాటు కూడా దేశాలకు ఇచ్చారు. అప్పటికి నాలుగేళ్ళ కిందటే మన ఉపఖండంలో కోటిమందికి పైగా ఇళ్ళు వదిలి నడిచారు. ఆ నిర్వచనం రాసినవాళ్ళ కళ్ళ ముందున్నది వాళ్ళు కాదు. ఈ తేదీ, స్థలం అడ్డుగోడలను 1967 ప్రోటోకోలు తీసేసింది.

ఈ ఒడంబడికకు గుండెకాయ ముప్పై మూడో అధికరణం. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్న చోటుకు శరణార్థిని ఏ విధంగానూ వెనక్కి నెట్టరాదు అని దాని సారాంశం. సెయింట్ లూయీ ఓడ మీద ఉన్నవాళ్ళ ఉసురు ఈ వాక్యంలో ఉందని నేను అనుకుంటాను. మళ్ళీ మళ్ళీ చదివాక నాకు తెలిసింది మరొకటి కూడా ఉంది. వెనక్కి నెట్టరాదు అని ఉంది. రానివ్వాలి అని ఎక్కడా లేదు. వచ్చినవాడికి రక్షణ ఉంది. రావడానికి దారి లేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న ఖాళీలోనే యూరప్ వలస విధానమంతా కాపురం చేస్తోంది.

4

మొదటి ఇరవై ఏళ్ళూ ఈ ఖాళీ పెద్దగా కనిపించలేదు. అందుకు కారణాలు రెండు.

మొదటిది ప్రచ్ఛన్న యుద్ధం. 1956లో హంగరీ నుంచి సుమారు రెండు లక్షలమంది ఆస్ట్రియాకూ యుగొస్లావియాకూ వచ్చారు. ఒడంబడికలో 1951కి ముందు సంఘటనలు అని ఉంది కదా, 1956 ఎలా సరిపోతుంది? వీళ్ళ పలాయనానికి మూలం అంతకుముందు వచ్చిన రాజకీయ మార్పుల్లోనే ఉందని వ్యాఖ్యానం చెప్పారు. సరిపోయింది. వాళ్ళకు ఆశ్రయం దొరకడం న్యాయమే. నేను గమనించమనేది ఆ చదివే తీరును. చదవదలుచుకుంటే వాక్యం ఎంతయినా సాగుతుంది. వద్దనుకుంటే ఎంతయినా ముడుచుకుంటుంది.

రెండోది పెట్టుబడి అవసరం. శిథిలాల మీద కర్మాగారాలు కట్టడానికి చేతులు కావాలి. పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో తుర్కీతో ఒప్పందాలు చేసుకుని కూలీలను పిలిపించుకుంది. ఫ్రాన్సుకు ఉత్తర ఆఫ్రికా నుంచీ, బ్రిటన్‌కు కరీబియన్ దీవుల నుంచీ మన ఉపఖండం నుంచీ మనుషులు వెళ్ళారు. పని దొరికేచోట శరణు అడగవలసిన పని ఎవరికీ లేదు. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. ఆ నవంబరులో జర్మనీ విదేశీ కూలీల నియామకం ఆపేసింది. తక్కిన దేశాలూ ఆ దారే పట్టాయి. కూలి తలుపు మూసుకున్నాక మిగిలింది శరణు తలుపు ఒక్కటే. అప్పటి నుంచి ఆ తలుపు తట్టిన ప్రతివాడూ దొంగ శరణార్థి అనే అనుమానం మొదలైంది. పేదరికం వల్ల వచ్చాడా, భయం వల్ల వచ్చాడా అని విడదీసి చూపమన్నారు. యుద్ధంలో పొలమూ కొడుకూ ఒకేసారి పోయినవాడు ఈ ప్రశ్నకు ఏం చెబుతాడు?

చర్మం రంగు పేరెత్తకుండా రంగును నిషేధించే చట్టం ఎలా రాయవచ్చో బ్రిటన్ 1968లో చూపించింది. కెన్యాలో ఉన్న భారత సంతతివాళ్ళకు బ్రిటిషు పాస్‌పోర్టులు ఉన్నాయి. కెన్యా ప్రభుత్వ విధానాల వల్ల వాళ్ళు బ్రిటన్‌కు రావడం మొదలుపెట్టగానే పార్లమెంటు మూడు రోజుల్లో చట్టం చేసింది. తల్లో తండ్రో, తాతో అవ్వో బ్రిటన్‌లో పుట్టి ఉంటే తప్ప ఆ పాస్‌పోర్టుతో స్వేచ్ఛగా రావడానికి వీల్లేదని అన్నది. తెల్ల రైతుకు తాత ఉన్నాడు. గుజరాతీ దుకాణదారుకు లేడు. వీళ్ళు యూరపియన్ మానవ హక్కుల కమిషన్‌కు వెళ్ళారు. జాతిని బట్టి మనిషిని వేరుచేయడమే కొన్ని పరిస్థితుల్లో "అవమానకరమైన వ్యవహారం" అవుతుందనీ, అది ఒడంబడిక మూడో అధికరణానికి విరుద్ధమనీ కమిషన్ 1973లో తేల్చింది. ఆశ్రయం అనే మాటే లేని ఒడంబడికలో, చిత్రహింసను నిషేధించిన ఒక చిన్న వాక్యం ఇలా వలసవచ్చినవాడి చేతికి ఆయుధమైంది.

ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. 1989లో సోరింగ్ కేసులో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరపియన్ న్యాయస్థానం, అవతల దేశంలో అమానుషానికి గురయ్యే ప్రమాదం ఉంటే ఇవతల దేశం మనిషిని అప్పగించకూడదన్నది. 1996లో పంజాబుకు చెందిన ఒక సిక్కు విషయంలో, చాహల్ కేసులో, దేశ భద్రతకు ప్రమాదకారి అని ప్రభుత్వం చెప్పినా సరే, చిత్రహింస ప్రమాదం ఉన్న చోటుకు పంపరాదని తీర్పు చెప్పింది. పన్నెండుమంది న్యాయమూర్తులు అటు, ఏడుగురు ఇటు. సుగ్రీవుడి అనుమానానికి చట్టం ఇచ్చిన జవాబు ఇది.

5

గడప దాటినవాడిని వెనక్కి నెట్టడం ఇలా కష్టమైపోయేసరికి పాలకులు గడపనే జరపడం మొదలుపెట్టారు. ఇది అలంకారం కాదు. అక్షరాలా చేసిన పని.

1985లో షెంగెన్ గ్రామం దగ్గర అయిదు దేశాలు తమ మధ్య సరిహద్దుల తనిఖీలు తీసేయడానికి ఒప్పుకున్నాయి. లోపలి గోడలు తీస్తే బయటి గోడ ఎత్తు పెంచాలన్నారు. 1990 ఒప్పందం ప్రకారం, సరైన పత్రాలు లేనివాడిని తీసుకొచ్చిన విమాన కంపెనీకి జరిమానా. 2001లో దీన్ని మరింత బిగించి, ఒక్కొక్క మనిషికి కనీసం 3,000 యూరోల దాకా తీసుకుపోయారు. మన పిల్లలు విదేశాలకు పోయేటప్పుడు వీసా మొదట చూసేది విమాన కంపెనీ గుమాస్తా. ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. సరిహద్దు ఆ గుమాస్తా బల్ల దగ్గరికి వచ్చేసింది. తప్పుడు వీసా చూస్తే జరిమానా ఉంది. నిజమైన శరణార్థిని ఆపేస్తే ఏ శిక్షా లేదు. అతని నిర్ణయం మీద అప్పీలు లేదు. విమానం టిక్కెట్టుకు ఎన్నో రెట్లు డబ్బు పోసి మనుషులు రబ్బరు పడవ ఎందుకు ఎక్కుతారన్న ప్రశ్నకు జవాబు ఇదే.

విమానం దిగగలిగినవాళ్ళకు మరో ఉపాయం. 1992 మార్చిలో నలుగురు సోమాలీ తోబుట్టువులు పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయంలో దిగారు. అది అంతర్జాతీయ ప్రాంతం, మీరింకా ఫ్రాన్సులోకి రాలేదు అన్నారు. ఇరవై రోజులు అక్కడే నిర్బంధించి సిరియాకు పంపేశారు. పేరు ఏది పెట్టుకున్నా ఆ ప్రాంతం ఫ్రాన్సు చట్టానికి బయట లేదని 1996లో అమూర్ కేసులో స్ట్రాస్‌బర్గ్ చెప్పింది.

1990లోనే డబ్లిన్ ఒప్పందం వచ్చింది. ముఖ్య సూత్రం ఏమిటంటే, శరణార్థి మొదట అడుగుపెట్టిన దేశానిదే బాధ్యత. మధ్యధరా ఒడ్డున ఉన్న గ్రీసు, ఇటలీల మీద బరువు పడింది. ఉత్తరాన ఉన్న సంపన్న దేశాలు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాయి. బెల్జియం ఒక అఫ్గాన్ శరణార్థిని ఇలా గ్రీసుకు పంపితే, అక్కడ అతను నిర్బంధంలోనూ, తర్వాత వీధిలోనూ గడిపాడు. 2011లో న్యాయస్థానం రెండు దేశాలనూ తప్పు పట్టింది.

6

ఇక సముద్రం. ముప్పై మూడో అధికరణంలో "వెనక్కి పంపడం" అనే ఇంగ్లీషు మాట పక్కన ఒక ఫ్రెంచి మాట కుండలీకరణంలో ఉంది. 1993లో అమెరికా సుప్రీంకోర్టు హైతీవాసుల కేసులో ఆ రెండు మాటల మీదా చర్చ చేసి, నడి సముద్రంలో పట్టుకుని తిప్పి పంపడం ఈ నిషేధం కిందకు రాదని తీర్మానించింది. తొమ్మిదిమందిలో ఒక్క న్యాయమూర్తి, బ్లాక్‌మన్, మాట అర్థం మామూలు మనిషికి తెలిసిన అర్థమేనని విభేదించాడు.

2009 మే 6న సుమారు రెండువందలమంది మూడు పడవల్లో లంపెదూసా దీవి వైపు వస్తున్నారు. దీవికి 35 నాటికల్ మైళ్ళ దక్షిణాన ఇటలీ నౌకలు వాళ్ళను ఎక్కించుకున్నాయి. ఎక్కడికి తీసుకుపోతున్నదీ చెప్పలేదు. పేర్లు అడగలేదు. పత్రాలు, సామాన్లు తీసేసుకున్నారు. పది గంటల ప్రయాణం తర్వాత తీరం కనిపించింది. అది ట్రిపోలీ. గడాఫీ ప్రభుత్వానికి అప్పగించారు. వాళ్ళలో పదకొండుమంది సోమాలీలు, పదముగ్గురు ఎరిత్రియావాళ్ళు స్ట్రాస్‌బర్గ్‌కు అర్జీ పెట్టారు. ఇది సముద్రంలో రక్షించడమే తప్ప మా అధికార పరిధి కాదని ఇటలీ వాదించింది. 2012 ఫిబ్రవరి 23న హిర్సీ కేసులో తీర్పు వచ్చింది. ఇటలీ జెండా ఎగిరే నౌకలో, ఇటలీ సైనికుల చేతుల్లో ఉన్నవాళ్ళు ఇటలీ అధికారం కిందే ఉన్నారని న్యాయస్థానం ఏకగ్రీవంగా చెప్పింది. తలా 15,000 యూరోల పరిహారం ఇవ్వమన్నది. తీర్పు వచ్చేనాటికి అర్జీదారుల్లో ఇద్దరు చనిపోయారు.

ఈ తీర్పు చదువుతున్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను. సెయింట్ లూయీ ఓడకు డెబ్బై మూడేళ్ళ తర్వాత జవాబు వచ్చిందనిపించింది. తర్వాతి కథ చదవకపోతే బాగుండేది.

2013 అక్టోబరు 3న లంపెదూసా దగ్గర పడవ మునిగి 360 మందికి పైగా చనిపోయారు. ఇటలీ ఏడాదిపాటు తన నౌకాదళంతో సుమారు లక్షన్నరమందిని రక్షించింది. నెలకు దాదాపు 90 లక్షల యూరోల ఖర్చు. తక్కిన యూరప్ భారం పంచుకోలేదు. 2014లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. 2017 ఫిబ్రవరిలో ఇటలీ లిబియాతో అవగాహన పత్రం మీద సంతకం చేసింది. పడవలు ఇటలీ ఇస్తుంది. శిక్షణ యూరప్ ఇస్తుంది. పట్టుకునేది మాత్రం లిబియావాళ్ళు. వెనక్కి నెట్టడం నిషిద్ధం కనుక వెనక్కి లాగే ఏర్పాటు చేశారు.

2017 నవంబరు 6న ఇలా లాగుతుండగా కనీసం ఇరవైమంది మునిగిపోయారు. బతికినవాళ్ళు స్ట్రాస్‌బర్గ్ తలుపు తట్టారు. 2025లో నిర్ణయం వచ్చింది. ఆ నీళ్ళ మీదా, ఆ పడవ మీదా ఇటలీకి నియంత్రణ లేదు. కనుక అధికార పరిధి లేదు. కేసు విచారణకు రాదు. సముద్రం అదే, మనుషులు అటువంటివాళ్ళే, దుర్గతి అదే. మారినది నౌక మీద జెండా ఒక్కటే. 2014 నుంచి లెక్క పెడితే మధ్యధరాలో చనిపోయినవాళ్ళూ గల్లంతైనవాళ్ళూ ముప్పై వేలు దాటారు.

7

సాహిత్య విద్యార్థులకు కల్పన అంటే ఏమిటో తెలుసు. పాలకులు కూడా కల్పన నేర్చుకున్నారని నేను అంటే అతిశయోక్తి అనుకోవద్దు. మూడు ఉదాహరణలు చెబుతాను.

2016 మార్చి 18న యూరపియన్ యూనియన్, తుర్కీ ఒక ఏర్పాటుకు వచ్చాయి. గ్రీకు దీవులకు దాటినవాళ్ళను తుర్కీ వెనక్కి తీసుకుంటుంది. 600 కోట్ల యూరోల దాకా సాయం. దానికి పెట్టిన పేరు ఒప్పందం కాదు, "ప్రకటన". పత్రికా ప్రకటనగా విడుదల చేశారు. కొందరు దీన్ని యూనియన్ న్యాయస్థానంలో సవాలు చేస్తే, ఇది యూనియన్ చేసిన పని కాదు, విడివిడిగా దేశాలు చేసిన పని, మాకు పరిధి లేదు అని 2017లో కొట్టేశారు. కర్త లేని వాక్యం ఎలా రాయాలో ఇంతకన్నా బాగా ఎవరూ చూపించలేదు.

2023 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు, శరణార్థులను రువాండాకు పంపడం చట్టవిరుద్ధమని చెప్పింది. ఆ దేశం సురక్షితం కాదని సాక్ష్యాలు పరిశీలించి చెప్పింది. 2024 ఏప్రిల్‌లో పార్లమెంటు, రువాండా సురక్షితమని అందరూ భావించి తీరాలి అని చట్టం చేసింది. వాస్తవాన్ని శాసనంతో మార్చేశారు. 2024 జూలైలో ప్రభుత్వం మారాక ఆ పథకాన్ని వదిలేశారు.

2024 మేలో యూరపియన్ యూనియన్ వలస, ఆశ్రయాలకు సంబంధించిన కొత్త శాసనాల కట్ట ఆమోదించి, 2026 జూన్ నుంచి అమలు చేయాలని నిర్ణయించింది. దాని ప్రకారం సరిహద్దులో కొన్ని తరగతులవాళ్ళ అర్జీలు తేలేవరకు, వారాల తరబడి, వాళ్ళు యూరప్ భూమి మీదే ఉన్నా, ప్రవేశించినట్టు లెక్క కాదు. న్యాయశాస్త్రజ్ఞులు దీన్ని ప్రవేశించని కల్పన అనే పేరుతోనే పిలుస్తారు. ఓర్లీ విమానాశ్రయంలో తప్పని తేలిన ఉపాయం మారువేషంలో మళ్ళీ వచ్చింది. మన కథకుడు లేని మనిషిని ఉన్నట్టు చూపిస్తాడు. ఈ కథకులు ఉన్న మనిషిని లేనట్టు చూపిస్తారు.

ఇదంతా చోటు చాలక చేశారా? 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తినప్పుడు, 2001 నుంచి అటక మీద పడి ఉన్న తాత్కాలిక రక్షణ శాసనాన్ని వారం రోజులకే దించి అమలు చేశారు. నలభై లక్షలమందికి పైగా ఆశ్రయం పొందారు. అది మంచి పని. చేయగలరని రుజువైంది కూడా. కనుక చోటు లేదన్న వాదం ఇక చెల్లదు.

8

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. చట్టం ఉపరితలాంశమనీ, పునాది ఆర్థిక వ్యవస్థ అనీ మనం చదువుకున్నాం. పై చరిత్ర దాన్ని కాదనదు. కూలీలు కావలసిన ఇరవై ఏళ్ళూ తలుపు తెరిచి ఉంది. అవసరం తీరగానే మూసుకుంది. కాని అంతటితో ఆగితే, ఇరవై నలుగురు పేదవాళ్ళు ఒక రాజ్యాన్ని కోర్టుకీడ్చి గెలవడం మనకు అర్థం కాదు. గెలిచాక ఆ రాజ్యం పడవలు కొని ఇంకొకడి చేతికివ్వవలసి రావడం అసలే అర్థం కాదు. ముసుగు ఉత్త ముసుగే అయితే దానికి ఎవరూ భయపడరు. హక్కు అని ఒకసారి రాసి సంతకం పెట్టాక ఆ మాట పెట్టినవాడి మెడకు కూడా చుట్టుకుంటుంది. విప్పుకోవడానికే ఈ పాట్లన్నీ. నా పాత మాట సగమే నిజమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అలాగని న్యాయస్థానం మీద భారం వేసి కూర్చోలేం. 2020లో మెలీయా కంచె ఎక్కి దిగిన ఇద్దరు ఆఫ్రికా యువకులను స్పెయిన్ అక్కడికక్కడే వెనక్కి తోసేస్తే, చట్టబద్ధమైన దారి ఉండగా వాడుకోలేదు కనుక తప్పు వాళ్ళదేనని అదే స్ట్రాస్‌బర్గ్ చెప్పింది. న్యాయమూర్తులు గాలి పీల్చేది కూడా ఆ దేశాల్లోనే.

యూరప్‌ను విమర్శించి ఊరుకుంటే అది మనకు చాలా సుఖమైన విమర్శ అవుతుంది. 1951 ఒడంబడిక మీద మన దేశం సంతకం చేయలేదు. శరణార్థుల చట్టమంటూ మనకు లేదు. 1996లో చక్మాల కేసులో మన సుప్రీంకోర్టు, జీవించే హక్కు పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ ఉందని చెప్పింది. 2021లో అదే సుప్రీంకోర్టు జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాలను పద్ధతి ప్రకారం పంపవచ్చునన్నది. హైదరాబాదులో బాలాపూర్ ప్రాంతంలో రోహింగ్యా కుటుంబాలు గుడిసెల్లో బతుకుతున్నాయి. వాళ్ళ గురించి రాసేటప్పుడు మన పత్రికలు కాందిశీకులు అనడం లేదు. శరణార్థులు అనడం కూడా తగ్గింది. చొరబాటుదారులు అని రాస్తున్నారు. కాందిశీకుడు దారి అడిగాడు, శరణార్థి ఆశ్రయం అడిగాడు. చొరబాటుదారు ఏమీ అడగడు. కనుక అతనికి జవాబు చెప్పవలసిన పనీ లేదు.

రచయితలుగా మన పని ఇక్కడ మొదలవుతుంది. అయిదువేల మైళ్ళ అవతల ఒక మాట మార్చితే ఎందరు మునిగారో చూశాం. మన ఊళ్ళో మన భాషలో మాట మారుతున్నప్పుడు చూస్తూ ఊరుకోకూడదు. నేను ఆ కళాశాలకు మళ్ళీ వెళ్ళవలసి ఉంది. ఈసారి ఉపన్యాసం ఇవ్వను. హిర్సీ తీర్పునూ, 2025 నిర్ణయాన్నీ, మన పత్రికల కత్తిరింపులు పదింటినీ పట్టుకుపోయి, ఆ అమ్మాయినీ ఆమె స్నేహితులనూ కూర్చోబెట్టి, ఒక్కొక్క వాక్యంలో కర్త ఎవరో వెతకమంటాను.